తాడు లాగితే పలకని ఇంజను



ఈ రోజు మాట ఇంజను గురించి. ఫైబరు బోటు వెనక తగిలించే ఇంజను గురించి. అది పాతబడితే ఏమవుతుంది? తాడు లాగితే ఎందుకు పలకదు? పలికినా స్లోలో ఎందుకు ఆగిపోతుంది? ఈ సంగతులు చెప్పుకుందాం.

"ఇంజనుతో ఆడవాళ్లకేం పని?" అని కొందరు అడుగుతారు. అడగనివ్వండి. జవాబు ఉంది.

వేటకు పోయేది మగవాడు. ఒడ్డున చేప అందుకునేది ఎవరు? ఆడది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది ఎవరు? ఆడది. ఆ డబ్బులోంచే రేపటి పెట్రోలుకు తీసిపెట్టేది ఎవరు? ఇంజను చెడితే చెవి కమ్మలు కుదువ పెట్టేది ఎవరు? పొదుపు సంఘంలో అప్పు తీసుకుని సంతకం చేసేది ఎవరు? పొద్దుగూకినా బోటు రాకపోతే ఒడ్డున కూర్చుని సముద్రం కేసి చూసేది ఎవరు?

అన్నిటికీ జవాబు ఒకటే. ఖర్చు ఆమెది. అప్పు ఆమెది. భయం ఆమెది. మరి ఇంజను సంగతి ఆమెకు తెలియకపోతే ఎలా?

ఇంజను విప్పి బాగుచేసే పని మెకానిక్కుది. ఆ పని ఆయనే చెయ్యాలి. కానీ రోగం ఏమిటో చెప్పగలగాలి. లెక్క రాసుకోగలగాలి. రోజూ చేసే చిన్న పనులు మానకుండా చూసుకోవాలి. ఇంతవరకు ఎవరైనా నేర్చుకోవచ్చు.

అలల్లో ఆగితే

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరం పొడవునా ఇసుక ఒడ్డే ఎక్కువ. చాలా ఊళ్లకు హార్బరు లేదు. బోటును ఇసుక మీద నుంచి నీళ్లలోకి తోస్తారు. విరిగే అలలు దాటాలి. దాటితేనే వేట. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అవే అలలు దాటాలి.

అలలు దాటేటప్పుడు బోటు ముక్కు అలకు ఎదురుగా ఉండాలి. ఇంజను తోస్తూ ఉంటేనే ముక్కు నిలుస్తుంది. ఇంజను ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును అల పక్కనుంచి కొడుతుంది. బోటు బోల్తా పడుతుంది. వల పోతుంది. ఇంజను మునుగుతుంది. ఒక్కోసారి మనిషే దక్కడు.

అలలు దాటే చోట ఇంజనును ఒకసారి పెంచుతారు, ఒకసారి తగ్గిస్తారు. మంచి అల కోసం ఆగుతారు. అలా తగ్గించి ఆగిన క్షణంలోనే స్లో నిలవని ఇంజను చచ్చిపోతుంది. "స్లోలో ఆగిపోతోందిలే, మళ్లీ తాడు లాగితే సరి" అనుకుంటారు. లోపల సముద్రంలో అయితే సరే. అలల్లో తాడు లాగడానికి టైము ఎక్కడిది?

అందుకే ఇది చిన్న జబ్బు అనుకోకూడదు.

పొయ్యికి కావలసిందే ఇంజనుకూ

పొయ్యి వెలగడానికి ఏం కావాలి? కట్టెలు కావాలి. గాలి కావాలి. అగ్గిపుల్ల కావాలి. మూడింటిలో ఏది లేకపోయినా పొయ్యి వెలగదు.

ఇంజనుకూ అంతే. కట్టెలకు బదులు పెట్రోలు. ఆ పెట్రోలులో గాలి కలవాలి. కలిపే డబ్బా పేరు కార్బొరేటరు. అగ్గిపుల్లకు బదులు ప్లగ్గు. ప్లగ్గు కొసన చిన్న నిప్పురవ్వ పుడుతుంది. గాలి, పెట్రోలు కలిసిన ఆవిరిని ఆ రవ్వ అంటిస్తుంది.

ఇంకొకటి ఉంది. ఆ ఆవిరిని ఇంజను లోపల గట్టిగా నొక్కాలి. నొక్కితేనే బలంగా పేలుతుంది. ఆ నొక్కుడును మెకానిక్కులు కంప్రెషను అంటారు.

కాబట్టి ఇంజను పలకకపోతే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: పెట్రోలు వస్తోందా?
రెండు: రవ్వ పడుతోందా?
మూడు: కంప్రెషను ఉందా?

ఈ మూడు ప్రశ్నలూ గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

తాడు లాగే ముందు చూడవలసినవి

ఇరవై సార్లు తాడు లాగి భుజం నొప్పి తెచ్చుకునే ముందు ఈ ఆరూ చూడాలి. పైసా ఖర్చు లేదు.

1. ఎర్ర తాడు. ఇంజను ఆపే మీట దగ్గర ఎర్ర తాడుతో ఒక బిళ్ల ఉంటుంది. అది ఊడి ఉంటే ఇంజను పలకదు. పిల్లలు ఆడుకుంటూ లాగేస్తారు.

2. గేరు. ఇంజను న్యూట్రల్లో ఉండాలి. గేరులో ఉంటే చాలా ఇంజన్లు మొదలు కావు. మొదలైనా బోటు ఒక్కసారిగా దూకుతుంది. అది ప్రమాదం.

3. ట్యాంకు మూత మీది గాలి మర. మూత మీద చిన్న మర ఉంటుంది. దాన్ని విప్పాలి. విప్పకపోతే గాలి లోపలికి పోదు. గాలి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె సరిగా కారుతుందా? రెండో చిల్లు పెడితేనే కదా కారేది. ఇదీ అంతే.

4. రబ్బరు బుడ్డి. ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే గొట్టంలో బుడ్డి ఉంటుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం ఇంజను వైపు చూడాలి. బుడ్డిని గట్టిపడేదాకా నొక్కాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి దూరుతోంది. గొట్టం పగిలి ఉండవచ్చు. కొస వదులై ఉండవచ్చు.

5. చోకు. చల్లగా ఉన్న ఇంజనుకు చోకు లాగాలి. పలికిన తరువాత మెల్లగా తొయ్యాలి. వేడిగా ఉన్న ఇంజనుకు చోకు అక్కర్లేదు. లాగితే పెట్రోలు ఎక్కువైపోతుంది.

6. ట్యాంకులో పెట్రోలు. ఎప్పుడు పోసింది? నెల దాటిందా? అడుగున నీళ్లు ఉన్నాయా?

ఆరో ప్రశ్న ఈ రోజుల్లో మరీ ముఖ్యం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. 2025 నాటికి 100 లీటర్లలో 20 లీటర్ల దాకా కలుపుతున్నారు. ఇథనాలు చెరకు నుంచి, ధాన్యం నుంచి తీసే ద్రవం. అది నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులో నీళ్లు పడితే ఇథనాలు ఆ నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. గొట్టం అడుగు నుంచే పీల్చుకుంటుంది. అప్పుడు ఇంజనులోకి పోయేది పెట్రోలు కాదు. పాత ఇంజన్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు కూడా దీనివల్ల తొందరగా పాడవుతాయి. కాబట్టి పెట్రోలు అవసరమైనంతే కొనాలి. మూత గట్టిగా బిగించాలి. నెలల తరబడి నిలవ ఉంచకూడదు.

ప్లగ్గు చెప్పే మాట

ఆరూ బాగున్నాయి. అయినా ఇంజను పలకలేదు. అప్పుడు ప్లగ్గు విప్పి చూడాలి. ప్లగ్గు పానా ఒకటి బోటులో ఎప్పుడూ ఉండాలి.

ప్లగ్గు కొస తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. లేదా రవ్వ పడటం లేదు. గుడ్డతో తుడిచి, ఆరబెట్టి బిగించాలి. చోకు లేకుండా లాగి చూడాలి.

కొస నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువ కలుస్తోంది. లేదా చోకు సరిగా వెనక్కి పోవడం లేదు.

కొస తెల్లగా, పొడిగా ఉంటే ఇంజను మరీ వేడెక్కుతోంది. పెట్రోలు గానీ ఆయిలు గానీ చాలడం లేదు. లేదా చల్లబరిచే నీళ్లు సరిగా రావడం లేదు. ఇది ప్రమాదం. మెకానిక్కుకు వెంటనే చూపించాలి.

కొస లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది.

ప్లగ్గు కొస చాలడం లేదనిపిస్తే కొత్తది వేసి చూడాలి. ప్లగ్గు మెడ మీద అక్షరాలు, అంకెలు ఉంటాయి. అదే దాని నంబరు. ఆ నంబరు ప్లగ్గే కొనాలి. "అన్నీ ఒకటేలే" అని షాపువాడు అంటే ఒప్పుకోకూడదు. ఒక ప్లగ్గు ఎక్కువ వేడికి, ఇంకొకటి తక్కువ వేడికి తయారవుతుంది. పొడుగు తేడా ఉంటే లోపల పిస్టను తగిలి పాడవుతుంది. నంబరు పుస్తకంలో రాసుకుని షాపుకు తీసుకెళ్లండి. చదువు ఇక్కడ పనికొస్తుంది.

ఇక కంప్రెషను. తాడు లాగితే చేతికి బరువు తెలియాలి. లోపల ఎవరో పట్టి వదిలినట్టు ఉండాలి. తాడు వదులుగా, బావి గిలకలో తాడు వచ్చినట్టు వచ్చేస్తే కంప్రెషను పోయింది. రింగులు అరిగి ఉంటాయి. అప్పుడు పది ప్లగ్గులు మార్చినా లాభం లేదు. మెకానిక్కు దగ్గర కంప్రెషను కొలిచే గడియారం లాంటి పరికరం ఉంటుంది. దానితో కొలవమని అడగాలి. వచ్చిన అంకె రాసుకోవాలి. రెండు సిలిండర్లుంటే రెండు అంకెలు వస్తాయి. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువైతే అది పెద్ద రిపేరు. పెద్ద ఖర్చు. ఆ అంకె తెలియకుండా చిన్న చిన్న సామాను మారుస్తూ పోతే డబ్బు వృథా.

స్లోలో ఎందుకు ఆగుతుంది?

పంపు స్టవ్వు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కిరసనాయిలు పోసి పంపు కొడితే మంట వచ్చేది. మంట సరిగా రాకపోతే ఏం చేసేవారు? సన్నని పిన్నుతో స్టవ్వు కన్నం పొడిచేవారు. నలక పోయి మంట నీలంగా వచ్చేది.

కార్బొరేటరులోనూ అలాంటి కన్నాలుంటాయి. వాటిని జెట్లు అంటారు. పెద్ద జెట్టు ఒకటి. చిన్న జెట్టు ఒకటి. ఇంజను జోరుగా పోయేటప్పుడు పెద్ద జెట్టు నుంచి పెట్రోలు వస్తుంది. స్లోలో ఉన్నప్పుడు చిన్న జెట్టే ఆధారం. చిన్న జెట్టు కన్నం వెంట్రుకంత ఉంటుంది. పెట్రోలు నిలవ ఉండి ఆవిరైతే అడుగున జిగురు మిగులుతుంది. ఆ జిగురు చిన్న కన్నాన్ని మూసేస్తుంది.

అందుకే పాత ఇంజను జోరులో బాగుంటుంది, స్లోలో ఆగిపోతుంది.

జోరులో ఆగిపోయి, స్లోలో బాగుంటే కారణం వేరు. అప్పుడు పెట్రోలు చాలినంత రావడం లేదు. ఫిల్టరు, గొట్టం, గాలి మర, పెట్రోలు పంపు చూడాలి.

స్టవ్వు పిన్నులా జెట్టును ఇనుప తీగతో పొడవకూడదు. జెట్టు ఇత్తడిది. మెత్తన. కన్నం పెద్దదైపోతుంది. అప్పుడు ఇంజను ఎప్పటికీ ఎక్కువ తాగుతుంది. మెకానిక్కు దాన్ని కార్బొరేటరు కడిగే ద్రవంలో నానబెడతాడు. తరువాత గాలి కొట్టి శుభ్రం చేస్తాడు. అదే సరైన పద్ధతి.

ఇంకో మాట. స్లో నిలవకపోతే కొందరు స్లో స్క్రూ బిగించేస్తారు. ఇంజను పెద్ద చప్పుడుతో నిలుస్తుంది. "బాగైపోయింది" అంటారు. బాగు కాలేదు. జిగురు జెట్టులో అలాగే ఉంది. పైగా జోరుగా తిరుగుతున్న ఇంజనుకు గేరు వేస్తే 'టక్కు'మని కొడుతుంది. రోజుకు పది సార్లు అలా కొడితే గేరు పళ్లు అరుగుతాయి. వందల్లో పోయే పని వేలల్లోకి వెళుతుంది.

ఒక ఇల్లు అనుకోండి. ఇంజను పాతది. వర్షాలు మొదలయ్యాయి. ఇంజను స్లోలో ఆగుతోంది. ఇంటాయన విసుగెత్తి అంటాడు.

"ముసలిదైపోయిందే ఇది. అమ్మేసి కొత్తది తెద్దాం. షావుకారు డబ్బు ఇస్తానంటున్నాడు."

"ఎంత వడ్డీకి మావా?"

"నూటికి మూడు."

ఆమె పలక తీస్తుంది. నూటికి నెలకు 3 రూపాయలు. 10,000కు నెలకు 300. ఏడాదికి 3,600. లక్ష తెస్తే ఏడాదికి 36,000 వడ్డీయే. అసలు అలాగే ఉంటుంది. పైగా పట్టిన చేప ఆ షావుకారుకే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి.

"ముందు మెకానిక్కుకు చూపిద్దాం మావా. తరువాత ఆలోచిద్దాం."

మెకానిక్కు వస్తాడు. "ఏమైంది వదినా?" అంటాడు. "పలకడం లేదు" అని ఊరుకుంటే ఆయన మొదటి నుంచి వెతకాలి. ఆమె పుస్తకం తీసి చదువుతుంది.

"వేట నిషేధం ముందు బాగానే ఉంది తమ్ముడూ. జూన్ 20 నుంచి స్లోలో ఆగుతోంది. జోరులో ఇబ్బంది లేదు. చోకు కొంచెం లాగితే స్లోలో నిలుస్తోంది. ప్లగ్గు మార్చాం. అయినా అంతే."

ఆయన తల ఊపుతాడు. చోకు లాగితే గాలి తగ్గి పెట్రోలు పెరుగుతుంది. అలా చేస్తే నిలుస్తోందంటే స్లోలో పెట్రోలు చాలడం లేదన్నమాట. చిన్న జెట్టు మూసుకుపోయి ఉండాలి. ఆయన నేరుగా కార్బొరేటరు దగ్గరికే పోతాడు. ఊరికే గంటలు పోవు. ఊరికే సామాను మారదు.

జబ్బు సరిగా చెబితే డాక్టరుకు ఎంత తేలికో, మెకానిక్కుకూ అంతే తేలిక.

మెకానిక్కు స్క్రూ తిప్పే ముందు ఒకటి అడగండి. ఆ స్క్రూ ఇప్పుడు ఎన్ని చుట్లు విప్పి ఉందో లెక్కపెట్టమనండి. రాసుకోండి. తప్పు జరిగితే మళ్లీ పాత చోటికి తేవచ్చు. మార్చిన పాత సామాను కూడా అడిగి తీసుకోండి. అందులో అనుమానం ఏమీ లేదు. అది పద్ధతి.

ఆయిలు లెక్క

తాడు లాగే పాత ఇంజన్లు చాలావరకు రెండు స్ట్రోకులవి. వీటిలో ఆయిలు విడిగా పొయ్యరు. పెట్రోలులోనే కలుపుతారు. ఆ ఆయిలే లోపలి భాగాలకు తడి. ఆయిలు మరిచిపోతే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. పిస్టను పట్టేస్తుంది. ఒక్క మరపుతో ఇంజను పోతుంది.

ఎంత కలపాలో ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. '50కి 1' అని ఉంటే 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిలు. లీటరుకు 1,000 మిల్లీలీటర్లు. 1,000ని 50తో భాగిస్తే 20.

50కి 1 అయితే:
1 లీటరుకు 20 మిల్లీలీటర్లు.
5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు.
10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు.

25కి 1 అయితే దీనికి రెట్టింపు:
1 లీటరుకు 40 మిల్లీలీటర్లు.
5 లీటర్లకు 200 మిల్లీలీటర్లు.
10 లీటర్లకు 400 మిల్లీలీటర్లు.

గుర్తులున్న కొలపాత్ర వాడాలి. కంటి అంచనా వద్దు. "కాస్త ఎక్కువ పోస్తే మంచిదేగా" అనుకోవద్దు. ఎక్కువైతే పొగ వస్తుంది. ప్లగ్గు జిడ్డు పడుతుంది. మళ్లీ ఇంజను పలకదు.

కొన్ని ఇంజన్లు పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడుస్తాయి. వాటిని ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. లేకపోతే కార్బొరేటరులో కిరసనాయిలు మిగులుతుంది. చల్లటి ఇంజను కిరసనాయిలుతో పలకదు.

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఆయిలు విడిగా పొయ్యాలి. పెట్రోలులో కలపకూడదు. మీ ఇంటి ఇంజను ఏ రకమో ముందు కనుక్కోండి.

నీటి ధార, ఉప్పు

ఇంజను నడుస్తుంటే పక్కనుంచి సన్నని నీటి ధార వస్తుంది. సముద్రపు నీటిని పీల్చి, ఇంజనును చల్లబరిచి, బయటికి వదిలే నీరు అది. ధార ఆగితే ఇంజనును ఆపెయ్యాలి. లోపల రెక్కలున్న రబ్బరు చక్రం ఉంటుంది. అది నీటిని తోడుతుంది. అరిగితే నీరు రాదు. ఇసుకలో నడిపితే తొందరగా అరుగుతుంది. ఏడాదికి ఒకసారి విప్పించి చూడాలి.

నీళ్లు లేకుండా ఒడ్డు మీద ఇంజను స్టార్టు చెయ్యకూడదు. కొద్ది సేపటికే ఆ రబ్బరు కాలిపోతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి, ఇంజను కింది భాగం మునిగేలా పెట్టి నడపాలి.

వేట నుంచి వచ్చాక మంచినీళ్ల డ్రమ్ములో ఐదు, పది నిమిషాలు నడిపితే లోపలి ఉప్పు కడుక్కుపోతుంది. ఉప్పు పేరుకుంటే నీటి దారులు మూసుకుపోతాయి. చేప కోసిన కత్తిని కడగకుండా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతుంది కదా. ఇంజను లోపల కూడా అదే జరుగుతుంది.

మంచినీళ్లు మోసుకొచ్చేది కూడా ఆడవాళ్లే. అది బరువే. ఈ డ్రమ్ము పని ఇంట్లో అందరూ పంచుకోవాలి. నాలుగు ఇళ్లు కలిసి ఒకే డ్రమ్ము పెట్టుకుంటే నీళ్లు ఆదా అవుతాయి.

61 రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. లెక్క చూడండి. ఏప్రిల్లో 16 రోజులు. మేలో 31. జూన్లో 14. మొత్తం 61 రోజులు.

మనిషికి అది విశ్రాంతి. ఇంజనుకు మాత్రం జబ్బు పడే కాలం. కార్బొరేటరులో మిగిలిన పెట్రోలు ఎండలకు ఆవిరై జిగురవుతుంది. జూన్ 15న అందరూ ఒకేసారి తాడు లాగుతారు. సగం ఇంజన్లు మొరాయిస్తే మెకానిక్కు ఎన్ని ఇళ్లకు పోగలడు?

అందుకని ఏప్రిల్ 14నే ఈ పనులు చెయ్యాలి.

డ్రమ్ములో మంచినీళ్లతో ఇంజను నడపాలి. నడుస్తుండగా పెట్రోలు గొట్టం ఊడదియ్యాలి. కార్బొరేటరులో ఉన్నదంతా తాగి ఇంజను దానంతట అదే ఆగాలి.

ప్లగ్గు విప్పి ఆ కన్నంలో ఒక చెంచా ఆయిలు పొయ్యాలి. ఎర్ర తాడు బిళ్ల తీసేసి, స్టార్టు తాడును నాలుగైదు సార్లు మెల్లగా లాగాలి. ఆయిలు అంతటా అంటుతుంది. ప్లగ్గు మళ్లీ బిగించాలి.

గేరు ఆయిలు దించి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగుతున్నాయి. సీలు పోయింది. నిషేధంలోనే మార్పించుకోవాలి.

ఇంజను కింది భాగంలో జింకు ముక్క ఉంటుంది. ఉప్పునీరు ముందు దాన్నే తింటుంది. ఇంజనును వదిలేస్తుంది. సగం అరిగితే మార్చాలి. దానికి రంగు వెయ్యకూడదు. వేస్తే పని చెయ్యదు.

ఇంజనును నిలువుగా, నీడలో పెట్టాలి. లోపలి నీరంతా కారిపోవాలి.

జూన్ మొదటి వారంలో కొత్త పెట్రోలు పోసి డ్రమ్ములో ఒకసారి నడిపి చూడాలి. తేడా ఉంటే అప్పుడే తెలుస్తుంది. ఇంకా వారం చేతిలో ఉంటుంది.

నిప్పుతో జాగ్రత్త

పెట్రోలు ఆవిరి కంటికి కనిపించదు. నేల మీద పాకుతుంది. పది అడుగుల దూరంలో పొయ్యి ఉన్నా అంటుకోవచ్చు. ఇంజను విప్పే చోట బీడీ, పొయ్యి, దీపం ఉండకూడదు. పెట్రోలు డబ్బా వంటింట్లో పెట్టకూడదు. మూసిన గదిలో ఇంజను నడపకూడదు. ఆ పొగ ప్రాణం తీస్తుంది. పిల్లల్ని రెక్కలకు, తాడుకు దూరంగా ఉంచాలి.

బోటులో ఇవి ఎప్పుడూ ఉండాలి: కొత్త ప్లగ్గులు, ప్లగ్గు పానా, స్టార్టు తాడు, కత్తి, తెడ్లు, తాగేనీళ్లు, మనిషికొక లైఫు జాకెట్టు. బోటు రాకపోతే తెల్లారేదాకా చూడొద్దు. కోస్టు గార్డు నంబరు 1554. తీర పోలీసుల నంబరు 1093. ఈ రెండు నంబర్లూ గోడ మీద బొగ్గుతోనైనా రాసిపెట్టండి.

ఇంజను నీళ్లలో మునిగితే తీసిన వెంటనే మంచినీళ్లతో కడగాలి. అదే రోజు మెకానిక్కు దగ్గరికి చేర్చాలి. "ఎండబెడదాం, రేపు చూద్దాం" అంటే రేపటికి లోపలంతా తుప్పే.

ఇంజను పుస్తకం

ఇంటికొక నోటు పుస్తకం పెట్టండి. దాని మీద 'ఇంజను పుస్తకం' అని రాయండి. మొదటి పేజీలో ఇంజను నంబరు, ప్లగ్గు నంబరు, ఆయిలు కొలత, మెకానిక్కు ఫోను నంబరు రాయండి.

తరువాత ప్రతి పనికీ ఒక వరస. తేదీ. ఏం జబ్బు. ఏం చేశారు. ఏ సామాను మార్చారు. ఎంత ఖర్చు.

ఏడాది చివర ఖర్చు కూడండి. అప్పుడు తెలుస్తుంది, పాత ఇంజను ఉంచుకోవాలా, అమ్మాలా అని. ఖర్చు తక్కువైతే ఉంచుకోండి. ఏడాది ఏడాదికీ పెరుగుతుంటే, కంప్రెషను అంకె పడిపోతుంటే, మార్చే ఆలోచన చెయ్యండి. అప్పుడు కూడా వడ్డీ లెక్క వేసుకుని, సంఘంలో అడిగి, చెయ్యండి. కోపంతో ఒక్క పూటలో నిర్ణయం వద్దు.

అక్కలారా! నిన్న మొన్నటి దాకా వేలిముద్ర వేసిన చేతులివి. ఇప్పుడు తేదీ రాయగలవు. అంకె కూడగలవు. ప్లగ్గు మెడ మీది గుర్తు చదవగలవు. ఆ చేతులు రాసిన నాలుగు వరసలే ఒక అప్పును ఆపవచ్చు. అలల్లో ఒక బోటును నిలబెట్టవచ్చు.

ఈ రాత్రి ఇంటికి పోయి ముందు ఒక పని చెయ్యండి. ఇంజను మీద నంబరు ఎక్కడుందో వెతికి, మీ చేత్తో రాసుకోండి. రేపు క్లాసుకు ఆ పుస్తకం తెచ్చి అందరికీ చదివి వినిపించండి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో జూన్ 15న ఎన్ని ఇంజన్లు మొరాయిస్తాయి? ఎందుకు?
2. 50కి 1 అయితే 8 లీటర్ల పెట్రోలుకు ఎంత ఆయిలు కలపాలి?
3. 15,000 రూపాయలు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీ ఎంత?
4. నాలుగు ఇళ్లు కలిసి ఒక డ్రమ్ము, ఒక ప్లగ్గు పానా కొనాలంటే ఇంటికెంత పడుతుంది? షాపులో ధర అడిగి లెక్క వెయ్యండి.